చేతిలో ఉన్న ఆల్బమ్‌ని మళ్ళీ ఎవరు కొంటారు?

2014 సెప్టెంబరు 9న కాలిఫోర్నియాలోని క్యూపర్టినోలో యాపిల్ సంస్థ ఐఫోన్ 6నీ యాపిల్ వాచ్‌నీ లోకానికి చూపించింది. ఆ సభ చివర్లో ఐర్లండ్ రాక్ బ్యాండ్ యూటూ వేదిక మీదికి వచ్చి ఒక పాట పాడింది. తర్వాత గాయకుడు బోనో, యాపిల్ అధినేత టిమ్ కుక్ వేలికి వేలు తాకించుకున్నారు. అంతే, 'సాంగ్స్ ఆఫ్ ఇన్నొసెన్స్' అనే పదకొండు పాటల కొత్త ఆల్బమ్ 119 దేశాల్లో యాపిల్ వారి ఆన్‌లైన్ పాటల దుకాణం ఐట్యూన్స్‌లో ఖాతా ఉన్న దాదాపు 50 కోట్ల మందికి చేరిపోయింది. ఎవరూ పైసా కట్టక్కర్లేదు. మన దేశంలో ఐట్యూన్స్ స్టోర్ 2012 డిసెంబరులోనే మొదలైంది. అందుకని హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఐఫోన్ వాడుతూ, ఆ బ్యాండ్ పేరైనా వినని వాళ్ళ ఖాతాల్లోకీ అది వచ్చి కూర్చుంది.

సీడీలు, ఎల్పీ రికార్డులు మాత్రం అక్టోబరు 13న దుకాణాలకు వస్తాయన్నారు. మధ్యలో ఐదు వారాల వ్యవధి. ఆ ఐదు వారాలూ యూటూ అభిమానులు తెగ వాదించుకున్న ప్రశ్న ఒకటుంది: అందరికీ ఊరికే ఇచ్చేశాక దీన్ని ఎంతమంది కొంటారు?

బయటివాళ్ళకు ఇది కాలక్షేపం కబుర్లలా అనిపించవచ్చు. అభిమానికి మాత్రం అమ్మకాల అంకె తమ బ్యాండ్ ఆరోగ్యం చెప్పే నాడి లాంటిది. 2004 నవంబరులో వచ్చిన యూటూ ఆల్బమ్ అమెరికాలో మొదటి వారమే 8 లక్షల 40 వేల కాపీలు అమ్ముడైంది. ఆ తర్వాతి ఆల్బమ్ 'నో లైన్ ఆన్ ది హొరైజన్' 2009 మార్చిలో వచ్చింది. మొదటి వారం 4 లక్షల 84 వేలు. అదీ చార్టులో మొదటి స్థానమే, కానీ అంతకుముందు దానితో పోలిస్తే సుమారు మూడున్నర లక్షలు తక్కువ. ఆపైన ఐదేళ్ళకు పైగా ఆల్బమ్ లేదు. నలభైలు దాటిన అభిమానులకు, యాభైలు దాటిన బ్యాండ్‌కు ఒకే టెన్షన్: ఇప్పటి కుర్రాళ్ళు మన పాటలు వింటారా? ఆ భయంలోంచే ఉచితం అనే ఆలోచన పుట్టింది. ఎంతో కష్టపడి చేసిన పాటలు ఎవరి చెవినా పడకుండా పోతాయేమోనన్న లోతైన భయం తమకు ఉండేదని బోనో తర్వాత ఒప్పుకున్నాడు.

ఉచితం అన్నా నిజానికి డబ్బు చేతులు మారింది. బ్యాండ్‌కూ, రికార్డు కంపెనీ యూనివర్సల్‌కూ యాపిల్ చెల్లించింది. ఆ మొత్తం బయటపెట్టలేదు కానీ, ప్రచారం ఖర్చుతో కలిపి అది 10 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని అమెరికా పత్రికలు రాశాయి. ఈ మాట పట్టుకునే అభిమానుల్లో ఒక వర్గం, డబ్బు ముందే వచ్చేసింది కాబట్టి అమ్మకాల గొడవే అనవసరమని వాదించింది. కానీ ఒక పెద్ద కంపెనీ ఒకేసారి చెక్కు రాసివ్వడం వేరు, లక్షల మంది ఎవరికి వాళ్ళు జేబులోంచి డబ్బు తీయడం వేరు. ఆ ఆల్బమ్ ఎంతమందికి కావాలో మొదటిది చెప్పదు. అభిమానులు తెలుసుకోవాలనుకున్నది అదే.

కొంటారన్న వాళ్ళ వాదనలో బలం లేకపోలేదు. గట్టి అభిమానికి ఫైలు సరిపోదు. అతనికి అట్ట కావాలి, లోపల చిన్న పుస్తకం కావాలి, పాటల సాహిత్యం అచ్చులో చదువుకోవాలి. షెల్ఫులో మిగతా ఆల్బమ్‌ల పక్కన దీని చోటు ఖాళీగా ఉంటే తోచదు. పైగా దుకాణానికి వచ్చే డీలక్స్ సీడీలో ఉచిత కాపీలో లేని పాటలు, గిటార్లతో నెమ్మదిగా మళ్ళీ పాడిన రూపాలు ఉన్నాయి. అట్ట మీద డ్రమ్మర్ లారీ మల్లెన్ పద్దెనిమిదేళ్ళ కొడుకు నడుము చుట్టూ చేతులు వేసి పట్టుకున్న నలుపు తెలుపు ఫోటో ఉంది. ఉచితంగా వచ్చినదానికి ఆ బొమ్మ లేదు. ఐట్యూన్స్ వాడని వాళ్ళకైతే కొనడం తప్ప దారి లేదు. ఇన్ని కారణాలున్నప్పుడు రెండు మూడు లక్షలైనా అమ్ముడవదా అన్నది వీళ్ళ ఆశ.

అవతలి వర్గం మరీ నిరాశగా ఏమీ మాట్లాడలేదు. వాళ్ళు కొనేవాళ్ళను రెండు రకాలుగా విడదీసి చూశారు. 2009లో కొన్న 4 లక్షల 84 వేల మందీ అట్టలు దాచుకునే వాళ్ళు కారు. రేడియోలో ఒక పాట విని, పర్లేదే అనుకుని దుకాణంలో తీసుకున్నవాళ్ళు చాలామంది. పుట్టినరోజుకి తండ్రికో అన్నకో ఏం ఇవ్వాలో తోచక యూటూ సీడీ కొన్నవాళ్ళు ఇంకొందరు. అదే సీడీలోని పాటలు ఆ తండ్రి ఫోన్‌లో నెల రోజులుగా ఉంటే, ఆ బహుమతికి విలువేముంది? పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. అడిగినా అడక్కపోయినా ఇంట్లో ఉన్నదాన్ని ఎవరూ బజారుకు వెళ్ళి కొనుక్కురారు.

ఇక్కడ లెక్క ఎలా కడతారో కొంచెం చూడాలి. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక వేసే ఆల్బమ్ చార్టు అప్పట్లో పూర్తిగా అమ్మకాల మీదే నడిచేది. స్ట్రీమింగ్‌ని అందులో కలపడం 2014 డిసెంబరులో మొదలైంది. అప్పటికే ఇంకో నిబంధన కూడా ఉంది. 2011 మేలో లేడీ గాగా ఆల్బమ్‌ని అమెజాన్ 99 సెంట్లకే అమ్మింది. ఆ వారం మొత్తం అమ్మకాలు 11 లక్షలు దాటాయి, అందులో 4 లక్షలకు పైగా ఆ 99 సెంట్ల కాపీలే. దాంతో బిల్‌బోర్డ్ ఆలోచనలో పడి, విడుదలైన మొదటి నాలుగు వారాల్లో 3 డాలర్ల 49 సెంట్ల కన్నా తక్కువకు అమ్మినవి లెక్కలోకి రావని తేల్చింది. అంటే యూటూ ఆల్బమ్‌ని ఎన్ని కోట్ల మంది దించుకున్నా చార్టుకు సంబంధించినంత వరకు అది సున్నాయే. అక్టోబరు 13 నుంచి కొన్న కాపీలే లెక్క.

ఆ వారం అమెరికాలో 28 వేల కాపీలు అమ్ముడయ్యాయి. చార్టులో తొమ్మిదో స్థానం. బ్రిటన్‌లో ఆరో స్థానం.

4 లక్షల 84 వేలు ఎక్కడ, 28 వేలు ఎక్కడ. 2009లో మొదటి వారం కొన్న ప్రతి వందమందికీ 2014లో ఆరుగురు కూడా మిగల్లేదు. నిరాశావాదుల్లో సైతం ఇంత తక్కువ ఊహించిన వాళ్ళు అరుదు.

ఈ పతనానికి అప్పట్లో వినబడిన సంజాయిషీలన్నీ నిలబడేవి కావు. సీడీల కాలం అయిపోయిందన్నది మొదటిది. అందులో కొంత నిజముంది. అమెరికాలో 2009లో అన్ని ఆల్బమ్‌లూ కలిపి సుమారు 37 కోట్ల 40 లక్షలు అమ్ముడైతే, 2014లో 25 కోట్ల 70 లక్షలు. దాదాపు మూడో వంతు తగ్గింది. యూటూ అమ్మకం కూడా అదే పాళ్ళలో తగ్గితే 3 లక్షల 30 వేల చుట్టుపక్కల ఆగాలి, 28 వేల దాకా జారకూడదు. ఇంకో సంగతి. యూటూ సీడీ దుకాణాలకు వచ్చిన సరిగ్గా రెండు వారాలకు, అక్టోబరు 27న, టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్ '1989' వచ్చింది. మొదటి వారం 12 లక్షల 87 వేలు అమ్ముడైంది. సంగీతం ఊరికే ఇవ్వకూడదని ఆమె అదే ఏడాది జూలైలో పత్రికలో వ్యాసం రాసింది, నవంబరులో తన పాటలన్నీ స్పాటిఫై నుంచి తీసేసింది. ఆమె అభిమానులు వేరు, వయసు వేరు, నిజమే. కానీ ఆల్బమ్‌లు కొనే జనమే లేరన్న మాటకు ఆ అంకె చాలు.

రెండోది ప్రమాదం. 2014 నవంబరు 16న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో బోనో సైకిల్ మీంచి పడి చెయ్యి, కంటి చుట్టూ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆ వారమంతా టీవీలో పాడాల్సిన కార్యక్రమం రద్దయింది. క్రిస్మస్ అమ్మకాలకు అది దెబ్బే. కానీ 28 వేల వారం అంతకు నెల ముందే గడిచిపోయింది.

ఇక మూడోది, అందరూ తేలిగ్గా ఒప్పుకున్నది: ఊరికే ఇచ్చారు కాబట్టి ఎవరూ కొనలేదు. అసలు పట్టి చూడాల్సింది దీన్నే. ఎందుకంటే ఊరికే ఇచ్చి కూడా బాగా అమ్ముకున్న రాక్ ఆల్బమ్‌లు అంతకుముందే ఉన్నాయి.

అందరికీ తెలిసినది బ్రిటన్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్. 2007 అక్టోబరు 1న ఆ బ్యాండ్ గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ రెండు మూడు వాక్యాల్లో కబురు పెట్టాడు: కొత్త ఆల్బమ్ పూర్తయింది, పది రోజుల్లో వస్తోంది. అప్పటికి వాళ్ళకు ఈఎంఐ అనే రికార్డు కంపెనీతో ఒప్పందం ముగిసింది. 'ఇన్ రెయిన్‌బోస్'ని అక్టోబరు 10న తమ సైట్లోనే పెట్టారు. ధర రాయాల్సిన గడి ఖాళీగా ఉంచారు. ఎవరికి తోచింది వాళ్ళు వేసుకోవచ్చు, సున్నా వేసినా ఆల్బమ్ ఇస్తారు. డబ్బు కట్టేవాళ్ళు కార్డు చార్జీగా 45 పెన్నీలు కలపాలి. సగటున ఎవరు ఎంత కట్టారన్నదాని మీద ఒక సర్వే సంస్థ అంచనా ప్రకటిస్తే, అది తప్పని బ్యాండ్ కొట్టిపారేసింది. ఆ గొడవ ఇప్పుడు అనవసరం. డిసెంబరులో డౌన్‌లోడ్ ఆపేసి, ఏడాది మారే వేళకు సీడీని మామూలుగా దుకాణాలకు పంపారు. అప్పుడూ అభిమానుల్లో ఇదే వాదన, ఇక ఎవరు కొంటారని. అమెరికాలో మొదటి వారం 1 లక్షా 22 వేలు అమ్ముడై మొదటి స్థానానికి వెళ్ళింది. బ్రిటన్‌లోనూ మొదటి స్థానమే.

వాళ్ళ అంతకుముందు ఆల్బమ్ 2003లో అమెరికాలో మొదటి వారం 3 లక్షలు అమ్ముడైంది. అంటే ఉచితం తర్వాత రేడియోహెడ్‌కు వందలో నలభై మంది మిగిలారు, యూటూకు ఆరుగురు. 2008 అక్టోబరులో ఆ బ్యాండ్ పాటల ప్రచురణ హక్కులు చూసే వార్నర్ చాపెల్ సంస్థ మొత్తం లెక్క చెప్పింది: డౌన్‌లోడ్లు, సీడీలు, ఎల్పీలు అన్నీ కలిపి 30 లక్షలు. వాటిలో సీడీలు, ఎల్పీలు కలిపి పెట్టి అమ్మిన 40 పౌండ్ల ఖరీదైన పెట్టె ఒక్కటే లక్ష అమ్ముడైంది. సీడీ బయటికి రాకముందే, అంతకుముందు ఆల్బమ్ మొత్తం మీద వచ్చినదాని కన్నా ఎక్కువ డబ్బు వచ్చేసిందట. సున్నా వేసి తీసుకునే వీలున్న చోటే 40 పౌండ్లు పెట్టిన వాళ్ళు లక్ష మంది ఉన్నారంటే, ఉచితం కొనుగోలును చంపేస్తుందన్న మాట అంత సులువుగా నిలబడదు.

రేడియోహెడ్ ఫైళ్ళు 160 కేబీపీఎస్ నాణ్యతలో ఉండేవి (ఈ అంకె పెరిగేకొద్దీ శబ్దం మెరుగు), చెవి మీద పట్టింపు ఉన్నవాళ్ళకు సీడీ కొనడానికి కారణం మిగిలింది. ఐట్యూన్స్ ఫైళ్ళు 256లో ఉండేవి, కాబట్టి యూటూకి ఆ కారణం పెద్దగా మిగల్లేదు. ఇది చిన్న తేడా. పెద్ద తేడా వేరే చోట ఉంది.

దాన్ని చూడాలంటే యూటూ సొంత చరిత్రలోనే ఏడు నెలలు వెనక్కి వెళితే చాలు. 2014 ఫిబ్రవరి 2న సూపర్ బౌల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ ప్రసారం మధ్యలో 'ఇన్విజిబుల్' అనే కొత్త పాట ప్రకటన వచ్చింది. అదే బ్యాండ్, అదే ఐట్యూన్స్ స్టోర్, అదే ఉచితం. ఒక రోజు పైచిలుకు ఎవరైనా దించుకోవచ్చన్నారు. ఒక్కో డౌన్‌లోడుకు ఒక డాలరు చొప్పున బ్యాంక్ ఆఫ్ అమెరికా ఎయిడ్స్ మీద పోరాడే రెడ్ సంస్థకు ఇస్తుందన్నారు. అలా 30 లక్షల డాలర్లకు పైగా పోగయింది. మా ఫోన్‌లోకి ఈ పాట ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు. ఎందుకంటే రాలేదు. కావాలనుకున్నవాళ్ళు స్టోర్‌కి వెళ్ళి, వెతికి, బటన్ నొక్కి తెచ్చుకున్నారు.

సెప్టెంబరులో ఆ బటన్ తీసేశారు. ఆల్బమ్ ఖాతాలోకి 'కొన్నవి' అనే వరసలో చేరిపోయింది. ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆన్‌లో పెట్టుకున్న వాళ్ళ ఫోన్లలోకి దానంతటదే దిగింది. 16 జీబీ ఫోన్లలో ఫోటోలకే చోటు చాలని రోజులవి. తీసేద్దామంటే దాచడానికే తప్ప పూర్తిగా తొలగించడానికి దారి కనబడలేదు. ఆరో రోజుకి, సెప్టెంబరు 15న, ఈ ఒక్క ఆల్బమ్‌ని తొలగించడానికే యాపిల్ ప్రత్యేకంగా ఒక పేజీ పెట్టాల్సి వచ్చింది. పిలవని పేరంటానికి వెళ్ళిన ముత్తైదువకు మర్యాద దక్కనట్టే, మంచి పాటలున్న ఆ ఆల్బమ్‌కి కూడా గౌరవం దక్కలేదు. పాల సీసాను గుమ్మం ముందు పెడుతున్నామనుకుని ఊళ్ళో ప్రతి ఇంటి ఫ్రిజ్‌లోనూ పెట్టేశామని బోనో 2022లో వచ్చిన తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. బాధ్యత పూర్తిగా తనదేనన్నాడు.

అమ్మకాల చర్చలో చాలామంది గమనించని సంగతి ఇక్కడే ఉంది. ఆల్బమ్ కొనడం అంటే పాటలు తెచ్చుకోవడం ఒక్కటే కాదు, ఇది నాకు కావాలని చెప్పుకోవడం కూడా. రేడియోహెడ్ ధర తీసేసింది కానీ ఆ చెప్పుకునే అవకాశాన్ని ఇంకా పెంచింది. ఖాళీ గడి ముందు కూర్చున్న అభిమాని ఎంత వెయ్యాలా అని ఆలోచించాడు. ఈ బ్యాండ్ నాకు ఎంత, నేను దానికి ఎంత ఇవ్వగలను అని తనలో తాను లెక్క వేసుకున్నాడు. సున్నా వేసినవాడు కూడా వెళ్ళి అడిగి తీసుకున్నవాడే. మూడు నెలల తర్వాత సీడీ వచ్చినప్పుడు వాళ్ళలో కొంతమందికి అది కొనసాగింపు. యూటూ శ్రోతకు అలాంటి మొదటి అడుగు ఎప్పుడూ పడలేదు. ఆల్బమ్ అప్పటికే 'కొన్నవి' వరసలో ఉంది. అతను ఏమీ చెయ్యకముందే అతని పని అయిపోయింది.

గట్టి అభిమానికి జరిగిన నష్టం ఇంకా ఎక్కువ, దాన్ని పట్టించుకున్నవాళ్ళే తక్కువ. కొత్త ఆల్బమ్ అంటే అభిమానికి అది వినే నలభై యాభై నిమిషాలతో అయిపోదు. ముందు ఒక పాట వస్తుంది, అది బాగుందా లేదా అని వారాల తరబడి కొట్టుకుంటారు. పేరు బయటపడుతుంది, అట్ట బయటపడుతుంది, పాటల వరస ఊహిస్తారు. విడుదల రోజు దుకాణం తెరవకముందే వెళ్ళి నిలబడతారు, సీడీ కాగితం చింపుతారు, ఇంటికెళ్ళి తలుపేసుకుని మొదటిసారి వింటారు. ఐదున్నరేళ్ళు ఎదురుచూసిన వాళ్ళకు ఇవేవీ లేకుండా పోయాయి. ఫోన్ అమ్మకపు సభ మధ్యలో, ఆ బ్యాండ్ ఎవరో తెలియని కోట్ల మందితో పాటు, అదే క్షణంలో వాళ్ళకూ అందింది. మొదటి వారం పాటల గురించి మాట్లాడుకోవాల్సింది పోయి, పక్కవాళ్ళ విసుగుకు సమాధానాలు చెప్పుకుంటూ గడిపారు. అక్టోబరు 13 వచ్చేసరికి కొనడానికి ఒక వస్తువు ఉంది, వెళ్ళడానికి విడుదల రోజు మాత్రం లేదు.

చిన్న బ్యాండ్ల సంగతి పూర్తిగా వేరు. షికాగో బ్యాండ్ విల్కో 2001లో చేసిన 'యాంకీ హోటల్ ఫాక్స్‌ట్రాట్' ఆల్బమ్ తమకు వద్దని వాళ్ళ రికార్డు కంపెనీ రీప్రైజ్ తిప్పికొట్టింది. బ్యాండ్ హక్కులు వెనక్కి తెచ్చుకుని, సెప్టెంబరు 18న తమ సైట్లో మొత్తం ఉచితంగా వినిపించింది. చివరికి నన్‌సచ్ అనే కంపెనీ దాన్ని తీసుకుని 2002 ఏప్రిల్ 23న విడుదల చేసింది. రీప్రైజ్, నన్‌సచ్ రెండూ వార్నర్ గొడుగు కిందివే కాబట్టి, వద్దన్నదానికే వార్నర్ రెండోసారి డబ్బు పెట్టినట్టయింది. మొదటి వారం 55 వేలకు పైగా అమ్ముడై చార్టులో 13వ స్థానంలో దిగింది. వాళ్ళ అంతకుముందు ఆల్బమ్ 78 దాటి పైకి రాలేదు. ఏడు నెలలు ఊరికే విన్నవాళ్ళు డబ్బు పెట్టి కొన్నారు. పేరు పెద్దగా తెలియని బ్యాండ్‌కి ఉచితం ప్రచారమవుతుంది, దాని కథ తెలిసిన వాళ్ళు దాన్ని నిలబెట్టాలనుకుంటారు. యూటూని నిలబెట్టాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు. ఆ బ్యాండ్ ఉనికి లోకానికి కొత్తగా చెప్పాల్సిన పనీ లేదు.

కొందరికే ఇస్తే ఏమవుతుందో చూపించే ఉదాహరణ రాక్ బయట ఉంది. 2013 జూలైలో ర్యాపర్ జే జీ కొత్త ఆల్బమ్ కాపీలు పది లక్షలు, ఒక్కోటి 5 డాలర్ల చొప్పున, శాంసంగ్ ముందే కొనేసి తన గెలాక్సీ ఫోన్ల వాళ్ళకు యాప్ ద్వారా పంచింది. బిల్‌బోర్డ్ ఆ పది లక్షల్నీ లెక్కలోకి తీసుకోలేదు. అయినా దుకాణాల్లో మొదటి వారం 5 లక్షల 28 వేలు అమ్ముడై మొదటి స్థానం వచ్చింది. అక్కడా యాప్ వెతికి దించుకోవాలి. పైగా వేరే ఫోన్ ఉన్నవాడికి, పక్కవాడి దగ్గర ఉంది నా దగ్గర లేదు అన్న ఆత్రం మిగిలింది. 50 కోట్ల ఖాతాలు నింపాక యూటూకి అలా ఆత్రపడే మనిషి మిగల్లేదు.

అయితే వినడం సంగతేమిటి? ఇక్కడ యాపిల్ లెక్కలు ఇంకో కథ చెబుతాయి. ఐదు వారాల్లో 8 కోట్ల 10 లక్షల మంది ఈ ఆల్బమ్‌లో ఎంతో కొంత విన్నారని, 2 కోట్ల 60 లక్షల మంది మొత్తం దించుకున్నారని ఐట్యూన్స్ బాధ్యత చూసే ఎడ్డీ క్యూ చెప్పాడు. 2003లో స్టోర్ తెరిచినప్పటి నుంచి యూటూ సంగీతం ఏదో ఒకటి కొన్నవాళ్ళు అంతా కలిపి కోటీ 40 లక్షలే. ఉచితంగా ఇచ్చిన వారంలో వాళ్ళ పాత ఆల్బమ్‌లు ఇరవైకి పైగా ఐట్యూన్స్ అమ్మకాల పట్టికలోకి మళ్ళీ ఎక్కాయి. కాంటార్ అనే సర్వే సంస్థ 2015 జనవరిలో అమెరికా ఐఫోన్, ఐప్యాడ్ వాడకందార్లను అడిగితే, ఆ నెలలో యూటూ పాట ఒకటైనా విన్నవాళ్ళు 23 శాతం, టేలర్ స్విఫ్ట్ పాట విన్నవాళ్ళు 11 శాతం అని తేలింది. యూటూ విన్నవాళ్ళలో నూటికి 95 మంది విన్నది ఈ ఆల్బమ్ పాటే. కాబట్టి పాటలు ఎవరి చెవినా పడలేదనడం అన్యాయం. బోనో భయపడినది జరగలేదు. భయపడనిది జరిగింది: విన్నారు, కొనాలనుకోలేదు.

ఇలాంటి చోట బ్యాండ్‌కి అసలు ఆదాయం కచేరీలే కదా అన్న మాట వస్తుంది. 2009 నుంచి 2011 దాకా యూటూ చేసిన టూర్ 73 కోట్ల 60 లక్షల డాలర్లు వసూలు చేసింది. 2015లో ఈ ఆల్బమ్ పేరు మీద చేసిన టూర్ 76 కచేరీలకు 15 కోట్ల 20 లక్షల డాలర్లు తెచ్చింది. స్టేడియాలు వదిలి చిన్న ఇండోర్ అరీనాలకు మారారు కాబట్టి మొత్తం తగ్గింది, అభిమానులు మొహం చాటేసి కాదు. 2007లో అమెరికా గాయకుడు ప్రిన్స్ తన ఆల్బమ్‌ని బ్రిటన్‌లో ఒక ఆదివారం పత్రికతో పాటు ఊరికే పంచినప్పుడు రికార్డు కంపెనీ సోనీ బీఎంజీ అక్కడ దాన్ని అమ్మనని మొండికేసింది. ఆ ఆగస్టు నుంచి అతను లండన్ ఓ2 అరీనాలో 21 రాత్రులు పాడాడు. కచేరీలకు ఉచిత ఆల్బమ్ అడ్డం రాదని ఈ రెండూ చూపిస్తాయి. కచేరీకి వచ్చే మనిషి ఎలాగూ తన కాళ్ళ మీద నడిచి వస్తాడు.

2017 డిసెంబరు 1న యూటూ తర్వాతి ఆల్బమ్ 'సాంగ్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్' వచ్చింది. ఈసారి ఎవరి ఫోన్‌లోకీ దానంతటది రాలేదు. అమెరికాలో మొదటి వారం స్ట్రీమింగ్‌తో కలిపి 1 లక్షా 86 వేల యూనిట్లు, అందులో 1 లక్షా 80 వేలు నేరుగా అమ్ముడైన కాపీలే. చార్టులో మొదటి స్థానం. ఆ కాపీల్లో చాలావరకు రాబోయే టూర్ టికెట్లతో కలిపి ఇచ్చినవి. వాటి విషయంలోనూ బిల్‌బోర్డ్‌కి అప్పట్లో ఒక నిబంధన ఉండేది: టికెట్ కొన్నంత మాత్రాన ఆల్బమ్ అమ్ముడైనట్టు కాదు. టికెట్ కొన్న అభిమాని, ఆల్బమ్ నాకు కావాలి అని విడిగా నమోదు చేసుకుంటేనే అది లెక్కలోకి వచ్చేది.